డెసిబెల్ కన్నా గడియారమే గట్టి సాక్షి

పగటిపూట హన్మకొండ నయీంనగర్‌లో తిరిగేవాళ్ల చెవిన కాజీపేట రైలు కూత పడదు. అర్ధరాత్రి దాటాక అదే కూత పక్క గల్లీలోంచి వచ్చినంత స్పష్టంగా వినిపిస్తుంది. హంటర్ రోడ్డు ఫంక్షన్ హాల్లో రాత్రి ఎనిమిదింటికి మోగిన పాటను ఎవరూ పట్టించుకోరు. అంతే సౌండుతో పదకొండింటికి మోగితే కిలోమీటరు అవతల పడుకున్న పెద్దాయన లేచి కూర్చుంటాడు. 'సౌండు ఒక్క పాయింటు కూడా పెంచలేదు సార్' అని డీజే కుర్రాడు ఒట్టేస్తాడు. 'చెవులు పగులుతున్నయి' అని పెద్దాయన అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిసిన మన ట్రైసిటీలో వాడకట్టు లొల్లి చాలాసార్లు ఇక్కడే చిక్కుపడుతుంది. చప్పుడు ఎక్కువో తక్కువో మనిషి మనిషికీ మారుతుంది. అందుకే చట్టం దాన్ని అంకెల్లో కొలవమంది. ఆ అంకెల వెనక ఉన్న శాస్త్రం తెలిస్తే అవి ఎంతవరకు పనికొస్తాయో, ఎక్కడ చేతులెత్తేస్తాయో తెలుస్తుంది. ఫిర్యాదు ఏ మాట మీద నిలబడుతుందో కూడా తేలుతుంది.

రాత్రి గాలి చేసే పని

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఈ వేగం స్థిరంగా ఉండదు. వేడి గాలిలో కాస్త పెరుగుతుంది, చల్లగాలిలో కాస్త తగ్గుతుంది. ఈ చిన్న తేడాయే పగటికీ రాత్రికీ మధ్య పెద్ద తేడా తెస్తుంది.

పగలు ఎండకు నేల కాలి, నేలను ఆనుకున్న గాలి వేడెక్కుతుంది. పైకి పోయేకొద్దీ గాలి చల్లగా ఉంటుంది. శబ్ద తరంగం అడుగుభాగం వేడిగాలిలో వేగంగా, పైభాగం చల్లగాలిలో నెమ్మదిగా కదులుతుంది. దాంతో తరంగం మొత్తం ఆకాశం వైపు వంగుతుంది. కొంత దూరం పోయాక నేలమీద ఉన్నవాళ్ల తలల పైనుంచి దాటిపోతుంది.

మబ్బులేని రాత్రి నేల త్వరగా చల్లారుతుంది. ఇప్పుడు కింది గాలి చల్లన, పైగాలి వెచ్చన. లెక్క తిరగబడి, పైకి పోవాల్సిన తరంగం కిందికి వంగి దూరపు ఇళ్లమీద దిగుతుంది. చలికాలం రాత్రుల్లో ఇది మరీ ఎక్కువ. పెళ్లిళ్ల ముహూర్తాలు కొన్ని ఆ కాలంలోనూ పడతాయి.

దీనికి రెండో కారణం తోడవుతుంది. పగలు ఆటోలు, బస్సులు, బేరాలు, టీవీలు అన్నీ కలిసి ఒక రణగొణ ధ్వనిని పరిచి ఉంచుతాయి. దూరపు పాట దాని కింద మునిగిపోతుంది. రాత్రి ఆ పరుపు తీసేస్తే మునిగినదంతా పైకి తేలుతుంది. కాబట్టి డీజే కుర్రాడి నాబ్ కదలకపోయినా, పెద్దాయన మంచం దగ్గర చప్పుడు నిజంగానే పెరిగింది.

మూడంకెల మాయ

చప్పుడును డెసిబెల్లలో కొలుస్తారు. ఇవి మీటర్లు, కిలోల మాదిరి లెక్క కావు. పది డెసిబెల్లు పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది, ఇరవై పెరిగితే వంద రెట్లు. మన చెవి మాత్రం పది డెసిబెల్ల పెరుగుదలను సుమారు రెండింతలు గట్టిగా వింటుంది. శక్తి పదింతలైతే వినికిడి రెండింతలే అవుతుందన్నమాట.

ఈ తేడాలోంచి రోజూ కనబడే కొన్ని వింతలు పుడతాయి. ఎనిమిది బాక్సులు పెట్టిన డీజే బండి దగ్గరికి పోయి 'సగం ఆపేయండి' అంటే నాలుగు ఆపుతారు. శక్తి సగమైతే తగ్గేది మూడు డెసిబెల్లే, అది చెవికి సరిగా ఆనదు కూడా. 'సగం ఆపినం గదా' అని వాళ్లు, 'ఏం తగ్గలేదు' అని వీళ్లు మళ్లీ వాదులాడుకుంటారు. చప్పుడు సగమైనట్టు వినిపించాలంటే పదింట తొమ్మిది వంతుల శక్తి తగ్గాలి. అంటే పది బాక్సుల్లో ఒక్కటే మోగాలి.

దూరం లెక్క చూద్దాం. మీటరు దూరంలో ఒక బాక్సు 110 డెసిబెల్లు వినిపిస్తోందనుకోండి. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు డెసిబెల్లు తగ్గుతుంది. రెండు మీటర్ల దగ్గర 104, నాలుగు దగ్గర 98, పదహారు మీటర్ల దగ్గర 86. అరవై నాలుగు మీటర్ల దగ్గర, అంటే గల్లీ ఆ చివరన, 74. ఇళ్ల ప్రాంతంలో పగటికి చట్టం పెట్టిన 55కు రావాలంటే అర కిలోమీటరుకు పైగా పోవాలి. పైగా ఈ లెక్క ఖాళీ మైదానానిది. రెండువైపులా గోడలున్న ఇరుకు గల్లీలో శబ్దం గోడ నుంచి గోడకు తగిలి తిరుగుతుంది కాబట్టి ఇంత త్వరగా తగ్గదు.

[బాక్స్] నాలుగు ప్రాంతాలు, ఎనిమిది అంకెలు

శబ్ద కాలుష్య (నియంత్రణ) నిబంధనలు 2000 ఫిబ్రవరిలో వచ్చాయి. వీటికి ఆధారం 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. రాత్రంటే 10 నుంచి ఉదయం 6 వరకు. ఆరుబయట ఉండదగ్గ సగటు శబ్దం, డెసిబెల్లలో:

• పారిశ్రామిక ప్రాంతం: పగలు 75, రాత్రి 70
• వ్యాపార ప్రాంతం: పగలు 65, రాత్రి 55
• నివాస ప్రాంతం: పగలు 55, రాత్రి 45
• నిశ్శబ్ద మండలం: పగలు 50, రాత్రి 40

మైకు వాడే బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంతపు పరిమితి కంటే 10 డెసిబెల్లు ఎక్కువ, లేదా 75 డెసిబెల్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది దాటకూడదు. సొంత ఇంట్లో, ప్రైవేటు స్థలంలో మోగించే సౌండ్ సిస్టమ్‌కు ఆ స్థలం సరిహద్దు దగ్గర 5 డెసిబెల్ల వెసులుబాటే ఉంది.

పాట వినపడదు, దడ మాత్రం ఆగదు

కిటికీలన్నీ మూసుకుంటే పాటలో మాటలు పోతాయి. గాయకుడెవరో తెలియదు, రాగం తెలియదు. 'ధబ్ ధబ్' మాత్రం గుండెకు తగులుతూనే ఉంటుంది. అల్మారాలో గిన్నెలు గలగలమంటాయి. గోడ కొన్ని శబ్దాలను ఆపి కొన్నింటిని ఎందుకు వదిలేస్తుంది?

గోడకు తగిలిన శబ్దం దాన్ని ఒక పిసరు ముందుకు, వెనక్కు ఊపుతుంది. గోడ ఎంత ఊగితే అవతలి గాలి అంత కదిలి, అవతల అంత చప్పుడు పుడుతుంది. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన పత్తి బండిని తలచుకోండి. భుజం ఆనించి నిదానంగా, ఎక్కువసేపు తోస్తే బండి కదులుతుంది. అదే బలంతో సెకనుకు పదిసార్లు ముందుకూ వెనక్కూ కుదిపితే ఉన్నచోటే ఉంటుంది. ఒక దిక్కు కదలడం మొదలుపెట్టేలోపే తోపు రెండో దిక్కుకు మారిపోతుంది మరి. సన్నని స్వరాలు సెకనుకు వేలసార్లు గోడను కుదుపుతాయి. ఇటుక గోడ బరువుకు వాటి బలం చాలదు. బేసు సెకనుకు యాభై, అరవైసార్లే తోస్తుంది. ప్రతి తోపుకూ కావలసినంత సమయం దొరుకుతుంది. గోడే ఊగినప్పుడు రెండు మూడు మిల్లీమీటర్ల కిటికీ అద్దం సంగతి చెప్పనక్కర్లేదు.

బేసుకు ఇంకో గుణం ఉంది. సెకనుకు యాభైసార్లు కంపించే తరంగం పొడవు దాదాపు ఏడు మీటర్లు. సెకనుకు మూడువేలసార్లు కంపించేదాని పొడవు జానెడు కూడా ఉండదు. పొట్టి తరంగానికి ప్రహరీ గోడ అడ్డు తగిలితే దాని వెనక శబ్దపు నీడ ఏర్పడుతుంది. ఏడు మీటర్ల తరంగం ఆరడుగుల ప్రహరీని చుట్టుకుని పోతుంది. అందుకే 'మా హాలుకు పెద్ద కాంపౌండ్ వాల్ ఉంది' అనే భరోసా బేసు విషయంలో పనిచేయదు. పనిచేసేవి వేరే: బాక్సులను రోడ్డు మీదికి కాకుండా హాలు లోపలికి తిప్పడం, బేసు బాక్సులను నేలమీద గోడ మూలల్లో పెట్టకుండా ఉండటం, మిక్సర్‌లో బేసు నాబ్ తగ్గించడం. మూల గోడలు బేసును ఇంకాస్త పెంచుతాయి.

మీటరు వినని చప్పుడు

నిబంధనల్లోని అంకెలన్నీ 'ఏ' తూకంలో కొలిచినవి. మన చెవి మధ్యస్థాయి స్వరాలను బాగా పట్టుకుంటుంది, బేసును తక్కువగా పట్టుకుంటుంది. శబ్దం కొలిచే మీటరు కూడా చెవిలాగే వినాలని బేసు భాగానికి కోత పెడతారు. సెకనుకు యాభైసార్ల కంపనానికి ఆ కోత ఏకంగా 30 డెసిబెల్లు. నూరుసార్లదానికి 19.

చిన్నపాటి చప్పుళ్లకు ఈ కోత న్యాయమే. డీజే బేసు లాంటి భారీ చప్పుడు దగ్గరికొచ్చేసరికి అది లెక్కను చిన్నబుచ్చుతుంది. ఎందుకంటే శబ్దం పెరిగేకొద్దీ మన చెవి బేసును కూడా బాగానే పట్టుకుంటుంది. ఇక కిటికీ అద్దాలకు చెవితో పని లేదు, అవి ఊగుతాయంతే. మీ ఇంట్లో అద్దాలు అదురుతుంటే, వచ్చిన అధికారి చేతిలో మీటరు చిన్న అంకె చూపించడం ఇలాగే జరుగుతుంది. ఆయన మీటరు పాడైందని అనుకోనక్కర్లేదు.

రెండో చిక్కు సగటు. పరిమితి అంటే కొంత సమయం మీద శబ్దశక్తి సగటు. ఊరేగింపు మీ ఇంటి ముందు అయిదు నిమిషాలు 100 డెసిబెల్లు మోగి వెళ్లిపోయి, మిగతా పగలంతా ఊరు నిశ్శబ్దంగా ఉందనుకుందాం. పదహారు గంటల మీద సగటు తీసినా 77 వస్తుంది, అంటే పరిమితికి 22 ఎక్కువ. అంత పెద్ద చప్పుడు సగటులో దాక్కోలేదు. సన్నగా, తెరలు తెరలుగా వచ్చే దూరపు బేసు మాత్రం దాక్కుంటుంది.

మూడోది ఫోనులోని డెసిబెల్ యాప్. ఫోను మైకు మాటల కోసం చేసింది. బేసును సరిగా వినదు, మరీ పెద్ద చప్పుడుకు పైన కోసేస్తుంది, ఒక్కో ఫోను ఒక్కో అంకె చూపిస్తుంది. నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చుకోవడానికి మీకు పనికొస్తుంది గానీ, సరిచూసి ముద్ర వేసిన మీటరుకు అది బదులు కాదు.

కళ్లు మూసుకున్నా చెవి మేలుకునే ఉంటుంది

కళ్లకు రెప్పలున్నాయి, చెవులకు లేవు. నిద్రలో కూడా చెవి వింటూనే ఉంటుంది, మెదడు అపాయం కోసం కాపలా కాస్తూనే ఉంటుంది. చప్పుడు మనల్ని లేపకపోయినా గుండె వేగం, రక్తపోటు ఒక క్షణం పెరుగుతాయి, గాఢనిద్ర పలచబడుతుంది. తెల్లారి లేచాక 'ఎనిమిది గంటలు పడుకున్నా ఒళ్లు బరువుగా ఉంది' అనిపించేది ఇందుకే. ఏళ్ల తరబడి ఇలా జరిగితే గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది.

పడకగదిలో మంచి నిద్రకు 30 డెసిబెల్లు మించకూడదని ఆ సంస్థ 1999లో చెప్పింది. కిటికీ కొంచెం తెరిచి ఉంటే బయటి చప్పుడు లోపలికి వచ్చేసరికి సుమారు 15 డెసిబెల్లు తగ్గుతుంది. అంటే బయట 45 ఉంటే లోపల 30. మన నిబంధనల్లో నివాస ప్రాంతానికి రాత్రి పరిమితి కూడా సరిగ్గా 45. కూలర్లు, తెరిచిన కిటికీలతో గడిపే ఓరుగల్లు వేసవికి ఈ లెక్క బాగా అతుకుతుంది.

వినికిడి దెబ్బతినడం వేరే సంగతి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నని కేశకణాలు ఒక్కో చెవికి పదిహేను వేల దాకా ఉంటాయి. పోయినవి మళ్లీ మొలవవు. 85 డెసిబెల్లను రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ఆపైన ప్రతి మూడు డెసిబెల్లకూ ఆ సమయం సగమవుతుంది. 94కు గంట, 100కు పదిహేను నిమిషాలే. ఈ లెక్కన అందరికంటే ముందు చెవులు పోగొట్టుకునేది డీజే బండి మీద నిలబడ్డ కుర్రాడే. ఫిర్యాదు చేసిన పెద్దాయన వంతు చాలా తర్వాత.

గడియారం మీద గీసిన గీత

ఇన్ని చిక్కులున్న అంకెను పట్టుకుని సామాన్యుడు ఎలా నిరూపించగలడు? మొదట్లో నిబంధన అదే అడిగింది. పరిమితి కంటే 10 డెసిబెల్లు లేదా అంతకుమించి ఎక్కువైతేనే ఫిర్యాదు చేయవచ్చని ఏడో నిబంధన చెప్పింది. 2010 జనవరి సవరణ దీనికి ఇంకో దారి చేర్చింది. రాత్రి ఆంక్షల్లో దేన్ని ఉల్లంఘించినా ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ డెసిబెల్ ప్రస్తావన లేదు.

ఆ రాత్రి ఆంక్షలు ఇవీ. పది దాటాక మైకులు, సౌండ్ సిస్టమ్‌లే కాదు, వాద్యాలు కూడా మోగించకూడదు. డప్పు, బ్యాండు మేళం దీంట్లోకే వస్తాయి. మినహాయింపు మూసి ఉన్న గదులకే: ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు, బాంక్వెట్ హాలు లోపల, లోపలివాళ్లు వినడానికి. ప్రజా అత్యవసర పరిస్థితికి కూడా మినహాయింపు ఉంది. పైన ఆకాశం కనిపించే గార్డెన్ ఫంక్షన్ హాలు 'మూసి ఉన్న గది' అనిపించుకోదు. నివాస ప్రాంతంలో రాత్రి అత్యవసరమైతే తప్ప హారను కొట్టకూడదు, చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదు. రాత్రి పది దాటాక పేలుడు టపాకాయలు కాల్చకూడదు.

పండుగలకు కొంత సడలింపు ఉంది. సాంస్కృతిక, మతపరమైన సందర్భాల్లో రాత్రి 10 నుంచి 12 వరకు రాష్ట్ర ప్రభుత్వం అనుమతించవచ్చు. ఏడాది మొత్తానికి అలాంటి రోజులు 15 దాటకూడదు, ఆ రోజులేవో ముందుగా ప్రకటించాలి. ఇంట్లో పెళ్లయినంత మాత్రాన బారాత్‌కు ఈ సడలింపు దానంతటదే రాదు. నిశ్శబ్ద మండలాలకు ఇది వర్తించదని సుప్రీంకోర్టు 2005 అక్టోబరులో స్పష్టం చేసింది.

అదే ఏడాది జులై 18న ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లాహోటీ, న్యాయమూర్తి అశోక్ భాన్ ఇచ్చిన తీర్పు ఈ విషయంలో పునాది. మాట్లాడే హక్కు ఉన్నవారికి ఎదుటివారి చేత బలవంతంగా వినిపించే హక్కు లేదని, ప్రశాంతంగా బతకడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని ఆ తీర్పు సారాంశం. తెలంగాణలో జూబ్లీహిల్స్ పబ్బుల కేసులో హైకోర్టు 2022 సెప్టెంబరులో రాత్రి పది తర్వాత సంగీతం వద్దంది. 2024లో గణేశ్ నిమజ్జనం, మిలాదున్నబీ ఊరేగింపులు ముగిశాక హైదరాబాద్ పోలీసు కమిషనర్ మత ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు.

దీన్నిబట్టి ఫిర్యాదు చేసేవాళ్లు గుర్తుంచుకోవలసినది తేలిగ్గా తేలుతుంది. 'చాలా పెద్ద సౌండు' అంటే వాదన మొదలవుతుంది. 'రాత్రి 11.20కి, ఆరుబయట, బాక్సులతో' అంటే వాదనకు చోటుండదు.

ఎంజీఎం ముందు వంద మీటర్లు

ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని నిబంధనలు చెబుతాయి. మ్యాపు ముందు పెట్టుకుని ట్రైసిటీలో ఆ వృత్తాలు గీసి చూడండి. ఎంజీఎం ఆసుపత్రి చుట్టూ గీస్తే ఎంజీఎం చౌరస్తా అందులో పడుతుంది. ఉత్తర తెలంగాణ జిల్లాల రోగులకు దిక్కైన పెద్దాసుపత్రి అది. దాని ముందు రోడ్డు ఊళ్లోకెల్లా రద్దీ రోడ్లలో ఒకటి. హన్మకొండలో కోర్టుల వల్లనే పేరొచ్చిన అదాలత్ సెంటర్ కూడా అంతే. కోర్టు ఎక్కడుందో చౌరస్తా అక్కడే ఉంది.

ఇక్కడొక మెలిక ఉంది. 2017 ఆగస్టు సవరణ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తే తప్ప ఏ స్థలమూ నిశ్శబ్ద మండలం కాదు. గేటు పక్కన 'హారన్ కొట్టరాదు' అనే బోర్డు ఉన్నంత మాత్రాన ఆ వంద మీటర్లు చట్టపరంగా నిశ్శబ్ద మండలం అయిపోవు. మీ వీధిలో ఆసుపత్రో బడో ఉంటే, ఆ స్థలం నోటిఫై అయిందా లేదా అని సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టి తెలుసుకోవడం మొదటి పని. మీ వీధి నివాస ప్రాంతమా, వ్యాపార ప్రాంతమా అన్నది కూడా ఇలాంటిదే. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ మాస్టర్ ప్లాన్ చూస్తే మీ వీధిని ఏ వాడకానికి కేటాయించారో తెలుస్తుంది. ప్లాన్‌లో మీ వీధికి వేసిన ఆ ఒక్క రంగు మారితే పగటి పరిమితి పది డెసిబెల్లు మారుతుంది.

ముందు మాట, తర్వాత కాగితం

అన్ని చప్పుళ్లకూ పోలీసులు అక్కర్లేదు. పాట మోగుతుండగా, నలుగురి ముందు, కోపంతో పోతే పని చెడుతుంది. ముందురోజో మర్నాడు పొద్దున్నో పోయి, చేయగలిగిన పని ఒక్కటి అడగాలి. 'తమ్మీ, పాట ఆపమంటలేను. బాక్సులు రోడ్డు దిక్కు తిప్పిండ్రు, గవి లోపటికి తిప్పుండ్రి. బేసు జర తగ్గించి పదింటికి బంద్ చేయుండ్రి. మా నాయిన ఆపరేషనై నిన్ననే ఇంటికొచ్చిండు.' ఇలా అడిగితే ఎదుటివాళ్లకు గౌరవం పోదు, చేయడానికి ఒక పని దొరుకుతుంది. 'సౌండు తగ్గించండి' అంటే ఎంత తగ్గించాలో వాళ్లకూ తెలియదు, మీకూ తెలియదు.

అపార్ట్‌మెంటు చప్పుళ్లలో చాలావాటికి విరుగుడు మెకానిక్ దగ్గరే ఉంది. నీళ్ల మోటారు కంపనం పిల్లర్లగుండా అయిదో అంతస్తు పడకగది దాకా పాకుతుంది. మోటారు కింద మందపాటి రబ్బరు దిమ్మలు పెట్టి, పైపుకు మధ్యలో వంగే రబ్బరు ముక్క తొడిగితే ఆ దారి తెగుతుంది. జనరేటర్ అయితే మీటరు దూరంలో 75 డెసిబెల్లు మించకుండా శబ్దం ఆపే పెట్టెతో రావాలని నిబంధన ఉంది. ఆ పెట్టె తలుపులు తెరిచిపెడితే అది ఉన్నా లేనట్టే. బుల్లెట్ బండికి సైలెన్సర్ మార్చి తిరిగేవాళ్లది ఇంకో కథ. మోటారు వాహనాల చట్టం కింద దానికి పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడవచ్చు.

మాటతో పని కాకపోతే మెట్లు వరుసగా ఉన్నాయి. చప్పుడు జరుగుతుండగానే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయాలి. పెట్రోలింగ్ వాళ్లు వచ్చి ఆపించడానికి మీటరు అక్కర్లేదు, టైము చాలు. ఫోన్ చేసినవారి పేరు బయటపెట్టవద్దని అడగవచ్చు. మళ్లీ మళ్లీ జరుగుతుంటే రాతపూర్వకంగా ఇవ్వాలి. నిబంధనల ప్రకారం చర్య తీసుకునే 'అథారిటీ'లో జిల్లా మేజిస్ట్రేట్, పోలీసు కమిషనర్, ప్రభుత్వం నియమించిన డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఉంటారు. వరంగల్‌కు 2015 నుంచి పోలీసు కమిషనరేట్ ఉంది కాబట్టి కాగితం స్టేషన్‌లో ఇచ్చి, ఏసీపీకి, కమిషనర్‌కు నకళ్లు పంపడం సరైన దారి.

కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలోనూ ఇవ్వవచ్చు. అయితే 2021లో జిల్లాలు మారినప్పుడు ఒకే నగరం రెండు జిల్లాల్లో పడింది. ఎంజీఎం వైపు ఉన్నవాళ్లు వరంగల్ కలెక్టరేట్‌కు, హన్మకొండ, కాజీపేటవాళ్లు హన్మకొండ కలెక్టరేట్‌కు పోవాలి. ఫ్యాక్టరీ, రైస్ మిల్లు, కోత మిషన్ లాంటి రోజువారీ చప్పుడైతే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాయాలి. మీటరుతో కొలిచే పని వాళ్లది. అక్కడా కదలకపోతే భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఈ ఇబ్బందిని తొలగించమని కార్యనిర్వాహక మేజిస్ట్రేట్‌ను కోరవచ్చు.

శిక్ష విషయంలో రెండు కొసలున్నాయి. భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షన్ కింద ప్రజలకు ఇబ్బంది కలిగించినందుకు జరిమానా వెయ్యి రూపాయలు మించదు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద పోతే, 2023 నాటి జన విశ్వాస్ చట్టం చేసిన సవరణ తర్వాత, జైలు పోయి దాని స్థానంలో పదివేల నుంచి పదిహేను లక్షల రూపాయల దాకా జరిమానా వచ్చింది. ఫిర్యాదులో 2000 నాటి నిబంధనల పేరు రాయాలా వద్దా అన్నది ఈ తేడా చూస్తేనే అర్థమవుతుంది.

[బాక్స్] ఫిర్యాదు కాగితంలో ఏముండాలి

• తేదీ, మొదలైన టైము, ఆగిన టైము. ఒక్క రాత్రి కాకుండా జరిగిన ప్రతిసారిదీ.
• చప్పుడు దేనివల్ల: బాక్సులు, బ్యాండు, జనరేటర్, నిర్మాణ యంత్రం.
• ఆరుబయటా, మూసి ఉన్న హాలులోనా. మీ ఇంటికి సుమారు దూరం.
• సమీపంలో ఆసుపత్రి, బడి, కోర్టు ఉంటే వాటి పేరు, దూరం.
• పది తర్వాతైతే 'రాత్రి ఆంక్షల ఉల్లంఘన, ఏడో నిబంధన' అనే మాట.
• మైకు వాడకానికి రాతపూర్వక అనుమతి ఉందో లేదో తేల్చమనే కోరిక. అది పగలు కూడా తప్పనిసరి.
• పాట, దృశ్యం, టైము కనబడే చిన్న వీడియో. అసలు ఫైలును ఫోనులో అలాగే ఉంచాలి.
• రెండు మూడు ఇళ్లవాళ్ల సంతకాలు. 100కు చేసిన కాల్స్ టైములు.
• అందినట్టు స్టేషన్ ముద్ర వేసిన నకలు మీ దగ్గర.

అనుమతి కాగితం దగ్గరే అడ్డుకట్ట

రాత్రి పదకొండింటికి ఊరేగింపును ఆపడం పోలీసులకు కత్తిమీద సాము. తాగినవాళ్లుంటారు, దేవుడి బండి ఉంటుంది, గుంపు ఉంటుంది. అదే మాట పది రోజుల ముందు, స్టేషన్‌లో అనుమతి దరఖాస్తు బల్లమీద ఉన్నప్పుడు చెబితే గొడవుండదు. వినాయక చవితికి మండపాల అనుమతులు ఇచ్చే వారం, పెళ్లిళ్ల సీజన్‌కు ముందు ఫంక్షన్ హాళ్ల యజమానులను పిలిపించే రోజు, చప్పుడు తగ్గేది ఆ రెండు చోట్ల. బాక్సులు ఎన్ని, ఏ దిక్కు, ఎన్నింటికి బంద్ అన్నది అనుమతి కాగితం మీదే రాయవచ్చు. అంప్లిఫయర్‌కు ఒక స్థాయి దాటకుండా పట్టి ఉంచే లిమిటర్ పెట్టించి సీలు వేయవచ్చు. ఎంత తాగినవాడైనా సీలు వేసిన నాబ్‌ను తిప్పలేడు.

కాలనీ సంఘాలు చేయగలిగిన పని కూడా ఇక్కడే ఉంది. పండుగ నెలకు ముందే ఒక ఉత్తరం స్టేషన్‌కు, మండపం కమిటీకి, పక్క ఫంక్షన్ హాలుకు ఇవ్వాలి. వీధిలో ముసలివాళ్లు, పసిపిల్లలు, పరీక్షలు రాసే పిల్లలున్న ఇళ్లు ఎన్నో చెప్పాలి. బాక్సులు ఏ దిక్కుకు తిప్పితే అందరికీ మేలో చూపాలి. బంద్ చేయాల్సిన టైము అంకెల్లో రాయాలి. ఆ మాటలు అనుమతి కాగితంలో చేరితే, ఆ తర్వాత ఏ రాత్రి ఫోన్ చేయాల్సి వచ్చినా, మీరు చెప్పేది కొత్త ఫిర్యాదు కాదు, వాళ్లు సంతకం పెట్టి ఒప్పుకున్న షరతు.